ఇంజన్ ఆగిన తరువాత: ఎడారి వాహనాల్లో రెండో బ్యాటరీ లెక్క

ఆస్ట్రేలియా ఖండం నడిమధ్య ఉన్న సింప్సన్ ఎడారిలో 1,100కు పైగా ఇసుక తిన్నెలు ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉంటాయి. పడమట డాల్‌హౌసీ ఊటల దగ్గర బయలుదేరిన వాహనం వాటిని ఒక్కొక్కటిగా ఎక్కి దిగుతూ తూర్పున క్వీన్స్‌లాండ్‌లోని బర్డ్స్‌విల్ అనే చిన్న ఊరు చేరడానికి సాధారణంగా మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ దారిలో పెట్రోలు బంకు గాని, మెకానిక్ షెడ్డు గాని ఎదురుకాదు. ఎండల తీవ్రత వల్ల ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు దక్షిణ ఆస్ట్రేలియా వైపున్న ఎడారి భాగాన్ని ప్రయాణికులకు మూసివేస్తారు. ఇలాంటి చోట బ్యాటరీ దిగిపోతే నలుగురు కలిసి బండిని తోసి స్టార్ట్ చేయడం కుదిరే పని కాదు. సామాను నింపుకున్న మూడు టన్నుల బండి ఇసుకలో కదలదు. ఆటోమేటిక్ గేర్లున్న బండి ఎంత తోసినా స్టార్ట్ కాదు. పైగా నేటి డీజిల్ ఇంజన్లలో ఇంధనాన్ని చిమ్మే పని కంప్యూటర్ అదుపులో ఉండటం వల్ల, దానికి చాలినంత విద్యుత్తు లేకపోతే చక్రాలు తిరిగినా ఇంజన్ అందుకోదు. అయినా అదే బండిలో రాత్రంతా ఫ్రిజ్ నడవాలి, దీపాలు వెలగాలి, నీళ్ల పంపు పనిచేయాలి, ఉపగ్రహ ఫోను ఛార్జ్ కావాలి. ఇంజన్‌ను లేపే పనినీ, బస చేసినప్పటి అవసరాలనూ ఒకే బ్యాటరీ మీద వేయకుండా విడదీసే ఏర్పాటునే డ్యూయల్ బ్యాటరీ వ్యవస్థ అంటారు. ఆస్ట్రేలియాలో దూరప్రయాణాలు చేసే ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల్లో ఇది లేని బండి అరుదు.

అయితే రెండో బ్యాటరీ పెట్టినంత మాత్రాన బండిలో కరెంటు పెరగదు. కరెంటు పుట్టేది ఇంజన్ తిప్పే ఆల్టర్నేటర్‌లో, లేదా పైకప్పు మీది సౌర ఫలకంలో. బ్యాటరీ దాన్ని దాచుకుంటుంది, అంతే. రెండో బ్యాటరీ చేసే అసలు మేలు ఏమిటంటే, రాత్రి వాడకం ఎంత మితిమీరినా ఆ నష్టాన్ని తన దగ్గరే ఆపి, తెల్లవారి ఇంజన్ స్టార్ట్ కావడానికి అవసరమైన నిల్వను ముట్టుకోకుండా ఉంచడం. ఈ తేడా తెలియకపోవడం వల్లనే, ఛార్జింగ్‌లోనో వైరింగ్‌లోనో ఉన్న లోపానికి మందుగా మరింత పెద్ద బ్యాటరీ కొని బిగించడం జరుగుతూ ఉంటుంది. కొత్త బ్యాటరీ నిండుగా వచ్చిన కొద్ది రోజులూ అంతా బాగున్నట్టే కనిపించి, ఆ తరువాత పాత కథే మొదలవుతుంది.

ఈ రెండు పనుల స్వభావం ఎంత వేరో చిన్న లెక్క చూపిస్తుంది. చేత్తో హ్యాండిల్ తిప్పి ఇంజన్ లేపే అవస్థను తప్పించిన విద్యుత్ స్టార్టర్‌ను చార్లెస్ కెటరింగ్ రూపొందించగా, అది 1912 నాటి కాడిలాక్ కార్లతో వాడుకలోకి వచ్చింది. మన మెకానిక్‌లు సెల్ఫ్ అని పిలిచేది దాన్నే. డీజిల్ ఇంజన్‌ను తిప్పడానికి ఆ మోటారు 300 ఆంపియర్ల కరెంటును మూడు సెకన్ల పాటు లాగుతుందనుకుంటే, ఖర్చయ్యేది పావు ఆంపియర్-గంట మాత్రమే. ఆంపియర్-గంట అంటే ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట పాటు ప్రవహిస్తే కదిలే విద్యుదావేశం. బ్యాటరీల పెట్టెల మీద ఏహెచ్ అని ఉండేది ఈ కొలతే. కంప్రెసర్ ఉన్న 12 వోల్టుల ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు నాలుగు ఆంపియర్లు తీసుకుంటూ, గంటలో ఇరవై నాలుగు నిమిషాలు నడిచి మిగతా సేపు ఆగి ఉన్నా, రోజుకు దాదాపు 38 ఆంపియర్-గంటలు మింగుతుంది. అంటే సెల్ఫ్ చప్పుడు ఎంత భారీగా వినిపించినా, నూట యాభై సార్లు ఇంజన్ స్టార్ట్ చేయడానికి సరిపడే కరెంటును చడీచప్పుడు లేని ఫ్రిజ్ ఒక్క రోజులో వాడేస్తుంది. మొదటి పనికి ఒక్కసారిగా విరుచుకుపడే బలం కావాలి, రెండోదానికి గంటల తరబడి నిలిచే ఓపిక కావాలి.

గాస్టన్ ప్లాంటే 1859లో ఫ్రాన్సులో తయారుచేసిన సీసపు బ్యాటరీ ఈనాటికీ బానెట్ల కింద ఉండటానికి కారణం మొదటి పనిని అది చవకగా, గట్టిగా చేయగలగడమే. అందులో ఒక పలక సీసం, మరొకటి సీసపు డయాక్సైడ్. రెండూ సజల గంధకామ్లంలో మునిగి ఉంటాయి. కరెంటు వాడుతున్న కొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేట్ పేరుకుంటూ ఆమ్లం పలచబడుతుంది. ఛార్జ్ చేస్తే ఈ చర్య వెనక్కి నడుస్తుంది. ఒక్కో గదిలో రెండు వోల్టులకు కాస్త ఎక్కువ చొప్పున ఆరు గదులు కలిపితే, నిండుగా ఉండి కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర నిలుస్తుంది. సగానికి దిగితే సుమారు 12.2, దాదాపు ఖాళీ అయితే 11.8. ఇక్కడ గమనించవలసింది, సున్నాకు చాలా దూరంలో ఉండగానే బ్యాటరీ పని అయిపోతుందని. స్టార్టింగ్ బ్యాటరీలో ఎక్కువ ఉపరితలం కోసం పలకలను పలచగా, ఎక్కువ సంఖ్యలో అమరుస్తారు. దాన్ని పదే పదే అడుగంటా వాడితే పలకల మీది పదార్థం రాలిపోతుంది. డీప్ సైకిల్ అనే రకంలో పలకలు మందంగా ఉండి లోతైన వాడకానికి తట్టుకుంటాయి, కానీ వాటిని కూడా సగం కన్నా కిందికి తరచు దించకపోవడమే మేలు. దిగిన స్థితిలో రోజుల తరబడి వదిలేస్తే మెత్తటి సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి మళ్లీ కరగకుండా మొండికేస్తుంది. దీన్ని సల్ఫేషన్ అంటారు. వాడకం ఎక్కువై చచ్చే బ్యాటరీల కన్నా, ఎప్పుడూ పూర్తిగా నిండక ఇలా చచ్చే బ్యాటరీలే ఎక్కువ అనడం అతిశయోక్తి కాదు.

100 ఆంపియర్-గంటల బ్యాటరీ అంటే మామూలుగా ఐదు ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు ఇవ్వగలిగినది అని అర్థం. అదే బ్యాటరీని యాభై ఆంపియర్ల చొప్పున లాగితే రెండు గంటలు రాదు, చాలా ముందే చేతులెత్తేస్తుంది. వేగం పెరిగిన కొద్దీ అందే మొత్తం తగ్గుతుందన్న ఈ సంబంధాన్ని 1897లో విల్‌హెల్మ్ పాయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రీకరించాడు. బ్యాటరీ కరెంటుతో కాఫీ కెటిల్‌నో హెయిర్ డ్రయర్‌నో ఇన్వర్టర్ ద్వారా నడిపేవారికి ఈ సూత్రం తెలియకపోయినా ఫలితం మాత్రం తెలిసే ఉంటుంది.

ఇక రెండు బ్యాటరీలను కలపడం, విడదీయడం ఎలా అన్నది అసలు ప్రశ్న. (కొన్ని పెద్ద డీజిల్ వాహనాలకు కంపెనీ నుంచే రెండు బ్యాటరీలు వస్తాయి, అవి చలిలో ఇంజన్ తిప్పే బలం కోసం ఎప్పుడూ జంటగా కలిసి ఉండేవి కాబట్టి, దిగితే రెండూ కలిసే దిగుతాయి.) ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ కరెంటు రెండు బ్యాటరీలకూ అందాలి, ఇంజన్ ఆగగానే ఒకదాని నిల్వ మరొకదానిలోకి జారకూడదు, రెండు చెరువుల మధ్య వరద ఉన్నప్పుడు తెరిచి, తగ్గగానే మూసే తూము చేసే పని ఇదే. తొలిరోజుల్లో ఈ తూము చేతితో తిప్పే స్విచ్. మూయడం మరిచిన రాత్రి రెండూ ఖాళీ. ఆ తరువాత వచ్చిన డయోడ్ ఐసోలేటర్ కరెంటును ఒకే దిశలో పోనిచ్చే పరికరం గనుక మరుపుకు తావు లేదు గాని, సిలికాన్ డయోడ్ దారిలో సుమారు 0.7 వోల్టు మింగేయడం వల్ల రెండో బ్యాటరీ ఎన్నటికీ పూర్తిగా నిండేది కాదు. చాలాకాలం నిలిచిన పరిష్కారం వోల్టేజిని చూసి పనిచేసే రిలే. స్టార్టింగ్ బ్యాటరీ దగ్గర 13.3 వోల్టులకు పైన కనిపిస్తే ఇంజన్ నడుస్తోందని గ్రహించి రెంటినీ కలుపుతుంది, 12.8 దరిదాపులకు పడితే విడదీస్తుంది. ఈ అంకెలు తయారీదారును బట్టి కాస్త మారతాయి. ఇలాంటి పరికరాలకు పేరుపడ్డ రెడార్క్ సంస్థ 1979లో అడిలైడ్‌లో మొదలైంది.

పాత ఆల్టర్నేటర్లు ఇంజన్ నడిచినంతసేపూ 14.2 వోల్టుల దగ్గర స్థిరంగా ఉండేవి కాబట్టి ఆ రిలే నమ్మకంగా పనిచేసింది. పొగ ఉద్గారాల నియమాలు బిగుసుకున్న కొద్దీ, ఇంజన్ మీద ఆల్టర్నేటర్ మోపే బరువును కూడా తగ్గించుకోవాలని తయారీదారులు దాన్ని కంప్యూటర్ అదుపులోకి తెచ్చారు. స్టార్టింగ్ బ్యాటరీ తగినంత నిండిందని తోచగానే కంప్యూటర్ వోల్టేజిని 13కు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దించేస్తుంది. బండి వాలులో దిగుతున్నప్పుడో బ్రేకు పడినప్పుడో ఉచితంగా దొరికే శక్తిని పట్టుకోవడానికి 15 దాకా ఎక్కిస్తుంది. ఇంధనం ఆదా చేసే ఈ తెలివి రెండో బ్యాటరీ పాలిట శాపమైంది: ఇంజన్ నడుస్తూనే ఉన్నా రిలే మాత్రం ఆగిపోయిందనుకుని తూము మూసేస్తుంది. కాబట్టి ఇప్పటి బండ్లలో డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి అయింది. ఇది వచ్చిన వోల్టేజి తక్కువైతే పెంచి, ఎక్కువైతే తగ్గించి, రెండో బ్యాటరీ రకానికి సరిపోయే వోల్టేజినీ కరెంటునూ దశలవారీగా అందించే పెట్టె. అయితే వోల్టేజిని చూసి ఇంజన్ స్థితిని పోల్చుకునే వీలు పోయింది కాబట్టి, దీనికి తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఒక వైరును ఆనవాలుగా కలపాలి. పొరపాటున ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపితే, బండి ఆగిన తరువాత కూడా ఈ ఛార్జర్ తన పని తాను చేసుకుపోతూ స్టార్టింగ్ బ్యాటరీని పిండి రెండోదానిలో పోస్తుంది. కాపాడటానికి పెట్టిన పరికరమే దొంగగా మారే ఈ లోపం అనుభవజ్ఞుల చేతుల్లో కూడా జరుగుతుంది.

అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ దక్కేది వైరుకు. బానెట్ కింద నుంచి వెనక డిక్కీ దాకా వైరు ఆరు మీటర్లు ఉంటే, కరెంటు పోయి రావడానికి దారి పన్నెండు మీటర్లు. ఆస్ట్రేలియాలో వాహనాల వైరును అమ్మేటప్పుడు 6 మిల్లీమీటర్లు అన్న మాట రాగి తీగ అడ్డుకోత వైశాల్యాన్ని గాక, పై తొడుగుతో కలిపి వైరు లావును చెబుతుంది. అందులో ఉండే రాగి దాదాపు 4.6 చదరపు మిల్లీమీటర్లే. ఈ వైరులో 25 ఆంపియర్లు పారితే రాగి నిరోధం వల్ల దారిలోనే 1.1 వోల్టు వేడిగా పోతుంది. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉన్నది వెనకకు చేరేసరికి 13.1 అవుతుంది, దానితో సీసపు బ్యాటరీ నిండడం కల్ల. అదే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వేస్తే నష్టం 0.3 వోల్టుకు పడిపోతుంది. ఫ్రిజ్ వైపు ఇదే జబ్బు మరో రూపంలో కనిపిస్తుంది. బ్యాటరీ నిండుగానే ఉన్నా కంప్రెసర్ మొదలైన క్షణంలో సన్నని వైరులో వోల్టేజి పడిపోవడం చూసి, ఫ్రిజ్‌లోని రక్షణ వలయం బ్యాటరీ దిగిపోయిందని భ్రమించి ఆపేస్తుంది. ఆగగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. కరెంటు పారనప్పుడు వోల్టేజి నష్టమే ఉండదు కాబట్టి, ఫ్రిజ్ ఆగి ఉండగా మీటరు పెట్టి చూస్తే అంతా సక్రమంగా ఉన్నట్టే చూపిస్తుంది. గతుకుల బాట కుదుపులకు వదులైన ఎర్త్ బోల్టు, సిగరెట్ లైటర్ తరహా సాకెట్‌లో సరిగా ఆనని ప్లగ్గు కూడా ఇదే మాయ చేస్తాయి. మరొక్క సంగతి: రెండు బ్యాటరీలను కలిపే వైరుకు రెండు చివరలా కరెంటు ఉంటుంది గనుక ఎక్కడైనా ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలితే రెండు వైపుల నుంచీ మంట పెడుతుంది, ఫ్యూజు రెండు బ్యాటరీల దగ్గరా ఉండి తీరాలి.

దాచిన కరెంటు తెలియకుండా కారిపోవడం వేరే కథ. తాళం తీసేసిన తరువాత కూడా కంప్యూటర్ల జ్ఞాపకం, రిమోట్ తాళం కోసం కాచుకునే రిసీవర్, అలారం కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. ఇది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల వరకు, అంటే ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు దాకా, మామూలే. 35 మిల్లీ ఆంపియర్లు నెల రోజుల్లో 25 ఆంపియర్-గంటలవుతాయి. హైదరాబాదులో అపార్టుమెంటు సెల్లారులో నెలల తరబడి కదలని కారు సెల్ఫ్ తీసుకోకపోవడం వెనక ఉన్న లెక్క ఇంతే. ఎడారి బండిలో తగిలించే అదనపు సరంజామా ఈ అంకెను ఎక్కడికో తీసుకుపోతుంది: వోల్టేజి అంకెలు చూపే యూఎస్‌బీ సాకెట్, యూహెచ్‌ఎఫ్ రేడియో, ట్రాకర్, ఏమీ నడపకపోయినా ఆన్‌లో ఉంచిన పాపానికే ఆంపియర్ దాకా తినగల పెద్ద ఇన్వర్టర్. మొత్తం 400 మిల్లీ ఆంపియర్లయితే రోజుకు దాదాపు పది ఆంపియర్-గంటలు. 70 ఆంపియర్-గంటల స్టార్టింగ్ బ్యాటరీ ఐదారు రోజుల్లో సెల్ఫ్ తిప్పలేని స్థితికి వస్తుంది.

దీన్ని పట్టుకునే పద్ధతికి ఓపిక కావాలి. బానెట్‌నూ తలుపునూ తెరిచే ఉంచి, వాటి గొళ్లేలను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసుకున్నట్టు బండిని నమ్మించాలి; బ్యాటరీ నెగటివ్ కొనకూ దాని వైరుకూ మధ్య మల్టీమీటరును ఆంపియర్ల స్థానంలో కలపాలి. మొదట మీటరు కొన్ని ఆంపియర్లు చూపినా కంగారు అక్కరలేదు. లోపలి కంప్యూటర్లు ఒక్కొక్కటిగా నిద్రలోకి జారుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది, అంకె మెట్లు దిగినట్టు దిగుతుంది. ఈలోపు ఎవరైనా తాళం తిప్పితే పది ఆంపియర్లకే తట్టుకునే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. దిగి నిలిచిన అంకె ఇంకా ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడటం పాత పద్ధతి. కానీ పీకి మళ్లీ పెట్టగానే నిద్రపోయిన కంప్యూటర్ మేల్కొని లెక్క అంతా తారుమారు చేస్తుంది. అందుకే ఫ్యూజును కదపకుండా, దాని తల మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలుస్తారు: కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా, పారుతున్న దాని మీద చిన్న అంకె. దొంగ ఏ గదిలో ఉన్నాడో దానితో తేలిపోతుంది. బ్యాటరీకే నేరుగా తగిలించిన వైర్లను మాత్రం ఈ పద్ధతి చూడలేదు. వాటి చుట్టూ క్లాంప్ మీటరు బిగించవలసిందే.

కారినదాన్ని భర్తీ చేయడానికి ఎంతసేపు పడుతుందన్నది చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. సీసపు బ్యాటరీ సుమారు ఎనభై శాతం వరకు చకచకా నిండి, అక్కడి నుంచి కరెంటును క్రమంగా తక్కువ తీసుకుంటూ చివరి ఇరవై శాతానికి గంటలకు గంటలు పట్టిస్తుంది. రోజుకు రెండు గంటలు నడిపి సాయంత్రానికి గుడారం వేసేవారి బ్యాటరీ ఎప్పుడూ ఆ ఎనభై దగ్గరే ఆగి, రోజురోజుకూ కాస్త కిందికి దిగుతుంది. ఈ కొరతను పూడ్చడానికే 120 వాట్ల సౌర ఫలకం. మంచి ఎండలో ఐదు గంటలకు సమానమైన వెలుగు దొరికి, వేడికీ దుమ్ముకూ వైర్లకూ ముప్పై శాతం పోయినా, రోజుకు 33 ఆంపియర్-గంటల వరకు ఇస్తుంది. ఫ్రిజ్ ఖర్చులో అది చాలా భాగం, పైగా చివరి ఇరవై శాతానికి కావలసిన నిదానం ఎండకు సహజంగానే ఉంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఈ లెక్కలను కొంత తలకిందులు చేశాయి. ఆ పదార్థాన్ని బ్యాటరీకి పనికొచ్చేదిగా టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పాఢి, నంజుండస్వామి, జాన్ గుడినఫ్ 1997లో ప్రకటించారు. లిథియం బ్యాటరీలపై కృషికి గుడినఫ్ 2019లో మరిద్దరితో కలిసి నోబెల్ పొందాడు. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ ముప్పై కిలోల దాకా తూగితే ఇది పన్నెండు కిలోల దగ్గర ఉంటుంది. ఎనభై శాతం దాకా వాడినా నొచ్చుకోదు, దాదాపు నిండేవరకు అదే జోరుతో ఛార్జ్ తీసుకుంటుంది. ఈ ఆకలే ప్రమాదం కూడా. అంతర్గత నిరోధం చాలా తక్కువ కాబట్టి, నేరుగా రిలేతో కలిపితే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా లాగి, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ గాలి చాలని వేళ దాన్ని మాడ్చేయగలదు. 25 లేదా 40 ఆంపియర్లకు మించనివ్వని డీసీ-డీసీ ఛార్జర్ ఇక్కడ రెండో కారణంతో అవసరమవుతుంది. వోల్టేజి మధ్య దశలో 13.2 దరిదాపులనే అంటిపెట్టుకుని ఉండటం వల్ల మీటరు చూసి మిగిలింది ఎంతో చెప్పలేరు. వచ్చిన ఆంపియర్లను, పోయిన ఆంపియర్లను వేరువేరుగా లెక్కపెట్టే షంట్ అనే పరికరం పెట్టుకోవాలి. బానెట్ కింది వేడి దీనికి పడదు. సున్నా డిగ్రీల కన్నా చల్లబడితే ఛార్జ్ చేయకూడదు. పగలు కాల్చే ఆస్ట్రేలియా ఎడారిలో జూన్, జులై రాత్రులు గడ్డకట్టే చలికి దిగుతాయి గనుక ఈ రెండో నియమం పేరుకు మాత్రమే ఉన్నది కాదు.

స్టార్టింగ్ బ్యాటరీ అప్పటికీ దిగిపోతే రెండోది ఆదుకోగలదా అన్నది వ్యవస్థను బట్టి ఉంటుంది. పాత రిలే పద్ధతిలో ఒక బటన్ నొక్కి రెంటినీ బలవంతంగా కలపవచ్చు. కలిపిన వెంటనే సెల్ఫ్ కొట్టకుండా పది నిమిషాలు ఆగితే దిగిన బ్యాటరీ కొంత కోలుకుని, వైరు మీదా రిలే మీదా పడే బరువు తగ్గుతుంది. డీసీ-డీసీ ఛార్జర్ ఒక్కటే ఉన్న బండిలో ఈ దారి లేదు, ఎందుకంటే ఆ పెట్టె వెనక్కి కరెంటు పంపదు. జంపర్ కేబుళ్లతో లిథియం బ్యాటరీని నేరుగా తగిలించినా, 100 ఆంపియర్లకు మించి లాగితే ఆపేసేలా అమర్చిన దాని లోపలి రక్షణ సెల్ఫ్ మోటారు అడిగే 300 ఆంపియర్లను చూడగానే కరెంటు కట్ చేయవచ్చు. అందుకని వేలకు వేలు పోసి రెండో బ్యాటరీ బిగించుకున్న ప్రయాణికులు కూడా సీటు కింద అరచేతిలో పట్టే జంప్ స్టార్టర్ ఒకటి పడేసుకుంటారు. దాన్ని కూడా బయలుదేరే ముందు ఛార్జ్ చేసుకోవాలి.